ఆర్హుస్ సువర్చల

సవతి పోరు ఎలా ఉంటుందో సువర్చలకు పెళ్ళయిన పద్నాలుగేళ్ళ దాకా తెలియదు. తీరా తెలిసేసరికి ఆ సవతి ఇంకెవరో కాదు, తనే. నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. ఆమె మొగుడు మురహరి కూడా మొదట్లో పగలబడి నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులు అతనికి ఇంట్లో నవ్వే ధైర్యం లేకపోయింది.

మురహరి విశాఖపట్నంలో గాలిమరలకు రెక్కలు తయారుచేసే ఇంజనీరు. డెన్మార్కులో ఆర్హుస్ అనే ఊళ్ళో ఒక కంపెనీ అతణ్ణి రమ్మని పిలిచింది. కుటుంబంతో సహా రావచ్చు, సెప్టెంబరు ఆఖరులోగా ఏ సంగతీ చెప్పాలి. ఉత్తరం చదివిన రోజే మురహరి మనసు విమానం ఎక్కేసింది. పదకొండేళ్ళ కూతురు ఉజ్వల మంచు ఫొటోలు చూసి అతని వెనకే ఎక్కేసింది. ఎక్కనిది సువర్చల ఒక్కతే.

ఆమెకు మద్దిలపాలెంలో ఒక క్లినిక్ ఉంది. నత్తి పిల్లలకు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దలకు మళ్ళీ మాట తెప్పించడం ఆమె పని. తెలుగులో పోయిన మాటను తెలుగులోనే వెతికి పట్టుకోవాలి. ఆ విద్య డెన్మార్కులో ఎవరికి కావాలి? వెళితే క్లినిక్ మూసెయ్యాలి, వెళ్ళకపోతే మొగుడి ఆశ మూసెయ్యాలి. ఆమెకు ముద్ద దిగకుండా చేసింది ఆ ఒక్క విషయమే.

సాయంత్రాలు మొగుడూ పెళ్ళాలు కంప్యూటరు ముందు కూర్చుని ఊరికీ ఊరికీ పోటీ పెట్టేవాళ్ళు. గాలి, నీళ్ళు, ఆస్పత్రులు, బళ్ళు, బస్సులు, ఇంటద్దె. ఇంటద్దెలో తప్ప విశాఖ ఒక్కదాంట్లోనూ గెలవలేదు.

“అంకెలన్నీ అటే ఉన్నాయే,” అనేవాడు మురహరి.

“అంకెలకేమండీ, అవి వెళ్ళి కాపురం చేస్తాయా? చెయ్యాల్సింది నేను,” అనేది సువర్చల.

ఇలా ఎటూ తేలకుండా ఉన్నప్పుడే రుషికొండ మీద తులామానం అనే ప్రయోగశాల ఒకటి ఉందని మురహరికి ఎవరో చెప్పారు. పరాయి దేశం వెళ్ళాలనుకునేవాళ్ళకు అక్కడి బతుకు ముందే చూపిస్తారట. నడిపేది డాక్టర్ కెజియా. సన్నగా, పొట్టిగా, కంటి నిండా నిద్ర ఎరగనట్టుండే మనిషి.

“మీరు వెళ్ళక్కర్లేదండి, మీ ప్రతిరూపం వెళ్తుంది,” అంది కెజియా, సువర్చల నుదుటికి మెత్తటి పట్టీ ఒకటి కడుతూ. “ఇది మీ ఆలోచన పోకడ పట్టుకుంటుంది. ఇంట్లో గోడలకి బొట్టుబిళ్ళంత మైకులు, కెమెరాలు పెడతాం. రెండు వారాలు మీ ముగ్గురూ ఎలా మాట్లాడుకుంటారో, దేనికి విసుక్కుంటారో, దేనికి నవ్వుతారో అంతా చూసి యంత్రం అచ్చం మీలాంటి ముగ్గుర్ని తయారుచేస్తుంది. వాళ్ళని ఆర్హుస్‌లో దింపుతాం. ఆ ఊరూ యంత్రంలోదే. కానీ అక్కడి వాన, వీధులు, అద్దెలు, ఇరుగుపొరుగు తీరు, అన్నీ నిజంగా అక్కణ్ణించి తెచ్చినవే. ఇక్కడ వారం గడిస్తే అక్కడ ఆర్నెల్లు.”

“దానికి తెలుస్తుందా, తను నేను కాదని?”

“తెలుస్తుంది. దాస్తే మాట అతకదు. ఉండిపోయిన సువర్చల మీరు, వెళ్ళిపోయిన సువర్చల తను. ఆదివారం ఆదివారం వచ్చి తెర మీద మాట్లాడుకోండి. తను ఎంత సుఖంగా ఉందో, మీరు ఎంత సుఖంగా ఉన్నారో నూటికి ఇంత అని మేం కొలుస్తాం. సుఖాంకం అంటాం దాన్ని.” పట్టీ బిగువు సరిచూసి కెజియా వెనక్కి జరిగింది. “మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈ రెండు వారాలూ మామూలుగా ఉండండి.”

“మామూలుగానే ఉంటామండీ,” అంది సువర్చల.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. కానీ నట్టింట్లో కెమెరా పెట్టాక మామూలుగా ఉన్న తెలుగు ఇల్లు ఒక్కటుంటే చూపించండి. పట్టీలతో ఇల్లు చేరిన గంటలో కర్టెన్లు ఉతుక్కి దిగాయి. పెళ్ళినాటి నుంచీ షోకేసులో బొమ్మల పక్కన నిలబడ్డ గాజు గ్లాసులు మొదటిసారి నీళ్ళు చూశాయి. నైటీ అల్మారాలోకి పోయి గంజి పెట్టిన చీర బయటికొచ్చింది. తొమ్మిదింటికి గానీ గుమ్మం తొక్కని మురహరి ఆరింటికే వచ్చి, అడక్కుండా గిన్నెలు కడిగాడు. “అమ్మా, ఇంకో దోసె పెడతావా, ప్లీజ్” అని ఉజ్వల అడిగిన తీరుకి సువర్చల కంగారుపడి, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. పట్టీలు విప్పడానికి వచ్చిన ప్రయోగశాల మనుషులకి పులిహోర పెట్టి మరీ పంపారు. వాళ్ళు మెట్లు దిగగానే మురహరి లుంగీలోకి, సువర్చల నైటీలోకి మారి, రిమోట్ ఎక్కడ పారేశావంటే నువ్వెక్కడ పారేశావని దెబ్బలాడుకున్నారు.

మొదటి ఆదివారం కెజియా ఆమెను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టింది. తెర వెలిగింది. అవతల ఒక వంటగది, పెద్ద కిటికీ, కిటికీ బయట పచ్చటి చెట్టు కింద రెండు సైకిళ్ళు. కిటికీ ముందు తను.

తనే. కాకపోతే కాస్త నాజూకైంది. కళ్ళ కింద నలుపు లేదు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. ఎన్నేళ్ళ నుంచో తనూ అలా కత్తిరించుకోవాలనుకుని, నప్పదేమోనని మానేసింది. నప్పింది. సువర్చలకు ఒళ్ళు మండడం అక్కడ మొదలైంది.

“ఎలా ఉన్నావే?” అంది.

“చాలా బాగున్నాను. నువ్వెలా ఉన్నావు?” అంది ఆర్హుస్ సువర్చల, నవ్వుతూ. “ఇప్పుడే అలా నడిచొచ్చాను. ఇక్కడ సాయంత్రం నాలుగింటికే అందరూ ఇళ్ళకి వచ్చేస్తారు. వంట ఈయనే చేస్తున్నారు. ఏమండీ, ఇలా రండి, ఎవరొచ్చారో చూడండి!”

గరిటె పట్టుకుని మురహరి తెరలోకి వచ్చాడు. ముందుకొచ్చి పలకరింపుగా నవ్వాడు. “ఉప్పు సరిపోయిందేమో చూడవోయ్” అని గరిటె పెళ్ళాం నోటికి అందించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని రుచి చూసి, సరిపోయిందన్నట్టు తలాడించింది. పద్నాలుగేళ్ళ కాపురంలో మురహరి గరిటె పట్టడం సువర్చల ఒక్కసారే చూసింది. అది బల్లిని తరమడానికి.

బయటికొస్తే కెజియా అంకెలు చూపించింది. ఆర్హుస్ సువర్చల సుఖాంకం ఎనభై నాలుగు. ఈవిడది యాభై ఒకటి. తన ప్రతిరూపంతో మాట్లాడి వచ్చిన మురహరి ముఖం వెలిగిపోతోంది.

“చూశావా, ఎంత హాయిగా ఉన్నామో!”

“ఉన్నాంలెండి. మీరూ, అదీ,” అంది సువర్చల.

దూరపు కొండలు నునుపని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఈ కొండ దూరంగా ఉండి ఊరుకోలేదు. ఆదివారం ఆదివారం ఎదురుగా వచ్చి కూర్చుంది. లిఫ్టు ఆగిపోయి నాలుగంతస్తులు ఎక్కుతుంటే, ఈపాటికి అది సైకిలు మీద షికారు వెళ్తుంటుంది అనుకునేది. నీళ్ళ ట్యాంకరు కోసం బకెట్లు వరసలో పెడుతుంటే, దానికి కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి అనుకునేది. డెన్మార్కు మీద మోజైతే అందులో వింతేముంది, లోకమంతా పడేదే. ఇది మోజు కాదు, పచ్చి అసూయ. దాని నడుము మీద, దాని నిద్ర మీద, అన్నిటికన్నా దాని మొగుడి మీద.

“దానికైతే కూర వండిపెడతారు,” అంది ఒకరోజు కంచం మురహరి ముందు టక్కున పెట్టి.

“ఎవరికే?”

“ఆర్హుస్‌దానికి.”

“అది నువ్వే కదే!”

“నేనైతే ఆ కూర నా నోట్లో పడాలిగా. ఏదీ, పడిందా?”

మురహరి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. రెండు రోజులు ముఖం గంటు పెట్టుకుని తిరిగి, మూడోరోజు పొద్దున్న కాఫీ ఇస్తూ, “వెళ్దాం లెండి. క్లినిక్ మూసేస్తాను,” అంది. మురహరి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కంపెనీకి చెప్పడం మాత్రం ఆదివారాలు పూర్తయ్యాకే అనుకున్నారు. ఎందుకు మనసు మార్చుకుందని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ వంటగదిలో, ఆ కిటికీ ముందు, దాన్ని లేపి తను కూర్చోవాలని ఉంది, అంతే.

సెప్టెంబరుతో మూసేస్తున్నామని క్లినిక్ తలుపుకి కాగితం అంటించిన వారమే అప్పలకొండకి మాట వచ్చింది. ఆయన పోర్టులో క్రేను నడిపిన మనిషి. పక్షవాతం వచ్చాక “ఆ, ఊ” తప్ప ఇంకేమీ పలకలేదు. ఎన్నో నెలల నుంచి సువర్చల ఆయన దవడ పట్టుకుని, పాట పాడినట్టు ఒక్కో అక్షరం పలికిస్తూ వచ్చింది. ఆ పొద్దున్న ఆయన భార్య వంక చూసి, నోరు వంకర తిప్పి, “నూ... కా... లు,” అన్నాడు.

నూకాలమ్మ చేతిలో సంచీ జారిపోయింది. “ఏటన్నావు? ఏటన్నావు, మల్లీ అను!” అంటూ ఏడుస్తూ నవ్వుతూ ఆయన చెంపలు నిమిరింది. తర్వాత సువర్చల వైపు తిరిగి, “ఎల్లిపోతన్నారంట గదమ్మా. సగం మాటే వొచ్చింది గదా ఈ మనిసికి. మిగతా సగం ఎవులిస్తారు?” అంది. సువర్చల లోపలికెళ్ళి ముఖం కడుక్కుంది.

ఆ ఆదివారం తెర ముందు కూర్చోగానే ఆ సంగతే ఎత్తుకుంది, డాబుగా.

“మా అప్పలకొండ మాట్లాడాడు తెలుసా!”

అవతల నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు నిలిచిపోయాయి. “ఏమన్నాడు?”

“భార్య పేరు పిలిచాడు.”

“ఎలా అన్నాడు? ఒకేసారి అనేశాడా, విడివిడిగానా? చెప్పు, మళ్ళీ చెప్పు.”

సువర్చల మళ్ళీ చెప్పింది. మళ్ళీ అడిగింది ఆవిడ. అన్ని వారాల తర్వాత మొదటిసారి సువర్చలకు కడుపులో చల్లగా తగిలింది. ఓహో, దీనికీ లేనిది ఒకటుందన్నమాట! ఆ రుచి మరిగి ఆ తర్వాతి ఆదివారాల్లో గప్పాలకు దిగింది. క్లినిక్ పెద్దది చేస్తున్నామంది. బీచి రోడ్డులో ఇల్లు చూశామంది. ఈ మధ్య మీ బావగారు పెందలాడే వచ్చేస్తున్నారంది. అవతలిది ఊరుకుంటుందా? ఉజ్వలకి పియానోలో బహుమతి వచ్చిందంది, వేసవికి ఇటలీ వెళ్ళొచ్చామంది. పెళ్ళిపందిట్లో నగలు చూపించుకునే ఆడవాళ్ళలాగా ఇద్దరూ తెరకు అటొకరూ ఇటొకరూ కూర్చుని పోటీలు పడ్డారు. ఎంత పడ్డా ఆవిడ సుఖాంకం ఎనభై నాలుగు దగ్గర నుంచి కదిలేది కాదు. అక్కడి నాలుగేళ్ళ కాలంలో ఒక్క గీత కూడా తగ్గని సుఖం ఇంతకు ముందెప్పుడూ చూడలేదని కెజియా ముచ్చటపడింది.

సెప్టెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం ఆ ముచ్చట తీరిపోయింది. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన మురహరి, తిన్న కంచం బల్ల మీద వదిలేసి ఫోను తీశాడు. సింకు నిండా గిన్నెలు. సువర్చల ఒక మూకుడు తీసి నేలకేసి కొట్టింది.

“అక్కడి మురహరిని చూసైనా బుద్ధి తెచ్చుకోండి!”

“వాణ్ణి చూసి నేనేం తెచ్చుకోవాలే?” మురహరి కూడా లేచాడు. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. “వాడు నేనే! ఆ రెండు వారాల నేను! నువ్వు గాజు గ్లాసులు దించి, గంజి చీర కట్టుకుని, ‘ఏమండీ కాఫీ కలపనా’ అని రాగం తీస్తుంటే, నేను గిన్నెలు కడుగుతూ నిలబడ్డానే, ఆ నేను! వాణ్ణి చూస్తే నీకేనా, నాకూ కడుపు మండుతుంది. ఇంటికెళ్తే వాడికి నవ్వే పెళ్ళాం ఉంది. నాకేముంది? మూకుడు!”

సువర్చల రెండో గిన్నె ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

“ఇప్పుడేమన్నారు?”

“నవ్వే పెళ్ళాం...”

“అది కాదు. దానికి ముందు.”

మురహరి చెప్పబోయి తనూ ఆగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూకుడు ఇంకా నేల మీద గుండ్రంగా తిరుగుతోంది.

విషయం అంత సులువైంది. ఆ రెండు వారాలూ వాళ్ళు బతికింది తమ బతుకు కాదు, చుట్టాలొచ్చినప్పటి బతుకు. యంత్రం పాపం చూసింది చూసినట్టు నమ్మింది. ఆర్హుస్‌లో ఆ ముగ్గురూ అలాగే ఉన్నారు. వచ్చిన చుట్టాలు నాలుగేళ్ళయినా వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఈ సంగతి చెబితే కెజియా మొదట అర్థం కానట్టు చూసింది. “గ్లాసులు దించారా?” అంది. తర్వాత మెల్లగా కుర్చీలో కూలబడింది.

“మావాళ్ళకి ప్రతి ఇంట్లోనూ పులిహోరే పెట్టారండి. ఎంత మంచి కుటుంబాలో అనుకున్నాం. అందరి ప్రతిరూపాలూ నవ్వుతూనే ఉండేవి. చూసినవాళ్ళంతా ఉన్నవి అమ్ముకుని వెళ్ళిపోయారు.” బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది. “మా తమ్ముణ్ణి నేనే చెప్పి నార్వే పంపాను. ఫోన్ చేస్తే బాగున్నానంటాడు.”

 సువర్చల లేచి తెర గదిలోకి వెళ్ళింది.

ఆర్హుస్ సువర్చల ఎప్పటిలాగే కిటికీ ముందు ఉంది, ఎప్పటిలాగే నవ్వుతూ.

“ఒక్కటడుగుతాను, నిజం చెప్పు,” అంది సువర్చల. “నిన్న నేను ఆయన మీద అరిచి మూకుడు విసిరాను. నువ్వెప్పుడైనా అలా అరిచావా?”

“లేదు. ఇక్కడ అంత అవసరమే...” ఆవిడ మాట మధ్యలో ఆపింది. పెదాలు నవ్వుతూనే ఉన్నాయి. “అరవాలనే ఉంటుంది. నోటిదాకా వస్తుంది. వచ్చి నవ్వైపోతుంది.”

సువర్చల కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది.

“ఉజ్వల బడిలో ఎవరితోనూ కలవక ఒక్కతే కూర్చుంటే నవ్వాను. బేకరీలో నన్ను పనిలోంచి తీసేస్తే థాంక్స్ చెప్పి నవ్వాను. ఆ ముసలాయన పేరు పిలిచాడని చెప్పావే, ఆ రోజు ఏడుద్దామని బాత్రూములో కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా రాలేదు.” ముత్యాల్లాంటి పళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. “నీకు ఏడుపొస్తుంది. నీకు మూకుళ్ళు విసరడానికి ఉంటుంది. నీ క్లినిక్ నీకుంది. నిన్ను చూస్తే నాకు ఎంత కుళ్ళో చెప్దామన్నా, చూడవే, నవ్వుతూనే చెప్తున్నాను.”

చెయ్యగలిగినవి రెండే ఉన్నాయని, వెనకే గదిలోకి వచ్చిన కెజియా చెప్పింది. యంత్రం ఆపెయ్యడం ఒకటి. లేదా ఇంకో వారం పట్టీలు కట్టుకుని, ఈసారి నిజంగా బతికి, ఆ బతుకుని ఆర్హుస్ వాళ్ళలోకి పొయ్యడం. పోస్తే ఆవిడ బాగుపడుతుందో పాడవుతుందో తను చెప్పలేనంది.

“పొయ్యండి,” అంది తెర మీది ఆవిడ. “ఏదైనా సరే.”

సువర్చల ఒప్పుకుంది. జాలితో ఒప్పుకుందా, అక్కసుతోనా అంటే రెండూ ఉన్నాయి. దాని పచ్చటి కాపురంలో తన గిన్నెలూ తన గొంతూ పడబోతున్నాయంటే లోలోపల సంబరంగా కూడా ఉంది. అక్కసు పాలే ఎక్కువని ఒప్పుకోవాలి.

పట్టీలు మళ్ళీ ఎక్కాయి. రమ్మంటే తగువు వస్తుందా? మొదటి రెండు రోజులూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, “ఇప్పుడు మీరు ఏదైనా అనండి,” “ముందు నువ్వను,” అని బతిమాలుకున్నారు. మూడోరోజు నీళ్ళ మోటారు కాలిపోయింది. ఇక పట్టీల సంగతి ఎవరికీ గుర్తులేదు. మోటారు ఎవరు ఆపలేదన్న దగ్గర మొదలై డెన్మార్కు దాకా వెళ్ళింది.

“నలుగురికి నోరిచ్చే దాన్ని, నా నోరు మూయించి తీసుకెళ్తారా?” అంది సువర్చల. “నేను సరేనన్నది మీ డెన్మార్కు మీద ప్రేమతో కాదు. దాన్ని లేపి అక్కడ కూర్చోవాలని!”

“నాకూ ఒక్క కోరిక ఉండకూడదా? ఉన్న చోటే కూర్చుని ఆ రెక్కలే గీసుకుంటూ ముసలాణ్ణైపోవాలా?” అన్నాడు మురహరి. 

ఉజ్వల తలుపు దబాలున వేసుకుంది. గోడల మీది బొట్టుబిళ్ళలన్నీ విన్నాయి. వారం తర్వాత కెజియా అదంతా ఆర్హుస్ వాళ్ళలోకి పోసి, ఇంకో వారం వాళ్ళని నడవనిచ్చింది.

నెలాఖరు ఆదివారం తెర వెలిగేసరికి ఆ వంటగదే, ఆ కిటికీయే. కానీ కిటికీ మీద వాన. సింకు నిండా గిన్నెలు. ఆవిడ జుట్టు ముడేసుకుని, మోచేతుల దగ్గర సాగిపోయిన స్వెట్టరు వేసుకుని, బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నవ్వు లేదు.

“వచ్చావా?” అంది. అది సువర్చల గొంతే, బొంగురుతో సహా.

“ఎలా ఉన్నావు?”

“చెప్తా, విను. ఇక్కడ బస్సులు వేళకొస్తాయి. ఆస్పత్రి మంచిది. ఉజ్వల ఈ మధ్య ఏడ్చి మొత్తుకుని, ఆఖరికి ఇద్దరు స్నేహితుల్ని తెచ్చుకుంది. ఆయనకి పనంటే ప్రాణం, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఇక్కడ చీకటి మధ్యాహ్నమే పడుతుందనుకో. నేను ఒక గోదాములో అట్టపెట్టెలు సర్దుతాను. నోరు విప్పక్కర్లేని పని. వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మనిషికి ఒక్క మాట తెప్పించలేదు.”

“అయితే రావద్దంటావా?”

ఆవిడ ముందుకు వంగింది. “నేను చెబితే నమ్ముతావా? నువ్వు రాకపోతే నాకు కడుపు మంట, నాకు పోయింది నీకుంటుంది. వస్తే సంతోషం, నీకూ పోతుంది. నాలాంటిదాన్నా సలహా అడుగుతున్నావు? నీ వారం బతుకు నాలో పోయించింది నా మీద జాలితోనేనా?”

సువర్చల చూపు తిప్పుకుంది. ఆవిడకు జవాబు అక్కర్లేదు, ఆవిడకు తెలుసు.

తెర లోపలి నుంచి మురహరి కేక వినిపించింది. “ఈ గిన్నెలు ఎవరు కడుగుతారు?”

ఆర్హుస్ సువర్చల వెనక్కి తిరిగి, “మీరే!” అని అరిచింది. మైకు గరగరలాడింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ రొప్పుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వాటిని తుడుచుకోలేదు, వేలితో తాకి చూసుకుంది.

“నాకింక పనుంది, పెట్టేస్తున్నా,” అంది. తెర నల్లబడింది.

బయట కెజియా అంకెలు చూపించింది. సువర్చలది ఎప్పటిలాగే యాభై ఒకటి. ఆవిడది ఎనభై నాలుగు నుంచి నలభై ఆరుకి పడింది.

“ఆపెయ్యమంటారా?”

“నన్నెందుకడుగుతారు? ఆవిణ్ణే అడగండి,” అంది సువర్చల.

ఇన్ని వారాలు ఆమె కోరుకున్నది ఆ పడడమే. నలభై ఆరు అన్న మాట చెవిన పడగానే గుండె ఎగిరింది కూడా. గెలిచింది. ఆ గెలుపు మెట్లు దిగేదాకా ఉంది. కారెక్కి కూర్చునేసరికి లేదు.

మురహరి తాళం చెవి పట్టుకుని, కొండ కింద సముద్రం వైపు చూస్తూ అడిగాడు. “గడువు రేపే. ఏం చెప్పమంటావు వాళ్ళకి?”

“రావట్లేదని చెప్పండి.”

అతను వాదించలేదు. కింది పెదవి కొరుక్కుని, సరేనన్నట్టు తలూపాడు. సువర్చల ఒక్కసారిగా వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

“నీ క్లినిక్ నీకుంది. దాని కన్నా నువ్వే నయంగా ఉన్నావని తేలింది. ఇంకా దేనికే ఏడుపు?”

“ఇన్నాళ్ళూ దాన్ని చూసి కుళ్ళి కుళ్ళి చచ్చానండీ,” అంది సువర్చల. “కానీ ఎక్కడో ఒక చోట నేను సుఖంగా ఉన్నాననుకునేదాన్ని. ఇప్పుడు అక్కడా లేను.”

మురహరి తాళం తిప్పబోయి ఆగాడు.

“నేనూ లేనే,” అన్నాడు.